లండన్ ధరలు ఉత్తరాదికి ఎప్పుడు చేరతాయి?

బ్రిటన్‌లో ఇళ్ల ధరలు సాధారణంగా ముందు లండన్‌లో పెరుగుతాయి. తర్వాత ఆగ్నేయ ఇంగ్లండ్, ఈస్ట్ ఆంగ్లియా, ఇంకొంత కాలానికి మిడ్‌లాండ్స్, చివరికి ఉత్తరాది, స్కాట్లాండ్. చెరువులో రాయి వేస్తే లేచే అలల్లా ఉందని ఆర్థికవేత్తలు దీన్ని తరంగ ప్రభావం అన్నారు.

1980ల చివర ఇది కొట్టొచ్చినట్టు కనిపించింది. పెళ్లికాని జంటలో, స్నేహితులో కలిసి ఇల్లు కొంటే ఒక్కొక్కరికీ 30,000 పౌండ్ల రుణం దాకా వడ్డీపై పన్ను రాయితీ దక్కేది. ఆగస్టు నుంచి ఇంటికి ఒక్క రాయితీయే అని 1988 మార్చి బడ్జెట్‌లో ఆర్థికమంత్రి నైజెల్ లాసన్ ప్రకటించారు. గడువులోగా కొనేయాలని జనం ఎగబడ్డారు. మరుసటి ఏడాది అక్టోబరుకు బ్యాంకు వడ్డీ 15 శాతానికి చేరింది. దక్షిణాదిన ధరలు దిగసాగాయి, ఉత్తరాదిన మాత్రం ఇంకా పెరుగుతూనే ఉన్నాయి!

ఎందుకిలా? లండన్‌లో ఇల్లు అమ్ముకున్నవాళ్లు ఆ డబ్బుతో చవకైన ఊళ్లకు వెళ్తారు, అక్కడ ధర లేస్తుంది అని చటుక్కున చెప్పేయొచ్చు. కానీ ఇల్లు మారేవాళ్లలో ఎక్కువమంది దగ్గర్లోకే మారతారు. 1999లో ఆర్థికవేత్త జెఫ్రీ మీన్ మరో కోణం చూపించారు. దక్షిణాది కుటుంబాలకు అప్పు ఎక్కువ, అందుకే వడ్డీ మారగానే ముందు ఉలిక్కిపడేది వాళ్లే. ఒకే దెబ్బకు ఒక్కో ప్రాంతం ఒక్కో వేగంతో స్పందిస్తే, దూరం నుంచి చూసేవారికి అల కదిలినట్టే ఉంటుంది.

ఇది బలమైన వాదనే, అయినా మొత్తం కథ కాదు. 1973 నుంచి 2008 దాకా మూడు నెలలకోసారి వచ్చిన ఇళ్ల ధరల లెక్కలను ఆర్థికవేత్తలు హాలీ, పెసరాన్, యమగాటా పరిశీలించి 2011లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ల లెక్క ప్రకారం, లండన్‌లో తగిలిన కుదుపు లండన్‌లో రెండేళ్లలో చాలావరకు సద్దుమణుగుతుంది. ఎంత దూరపు ప్రాంతమైతే అక్కడ దాని ప్రభావం అంత ఎక్కువకాలం నిలుస్తుంది. చెరువులో అల అలా చేయదు. పైగా లండన్‌కూ ఒక పెద్దన్న ఉన్నాడు: న్యూయార్క్. అక్కడి ఇళ్ల ధరలు నేరుగా లండన్ ధరలను కదిలిస్తున్నాయని వాళ్లు తేల్చారు. రెండూ ఆర్థిక రాజధానులే కదా.

2016 తర్వాత లండన్ ధరలు చతికిలబడ్డ కాలంలో మిడ్‌లాండ్స్, వేల్స్, వాయవ్య ఇంగ్లండ్ జోరుగా ముందుకెళ్లాయి. లండన్‌లో ధరలు తగ్గాయన్న వార్త చూసి మాంచెస్టర్‌లో కొనుగోలు వాయిదా వేసుకునే తెలుగు కుటుంబాలు ముందు మాంచెస్టర్ లెక్కలు చూసుకోవడం మంచిది.