పళ్ళెంలో కనిపించని నీరు: జొన్నరొట్టెతో ఇంటికీ, నేలకూ మేలు

పర్యావరణ పరిరక్షణ అనగానే చెట్లు నాటుట, ప్లాస్టిక్ సంచులు మానుట మనకు స్ఫురించును. అవి మంచివే. అయితే భూమిపై మన కుటుంబం మోపే భారంలో చాలా భాగం వంటింటిలోనే ఉన్నదని గ్రహించేవారు తక్కువ.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాలలో మా పెద్దల నిత్యాహారం జొన్నరొట్టె, గటక, అంబలి. వరి అన్నం పండుగనాటి భోజనం. నేడు మూడు పూటలా బియ్యమే. మా ఇంట కూడా నెలకు 25 కిలోల బస్తా ఖర్చయ్యేది.

కిలో వడ్లు పండుటకు పొలానికి సగటున 2,500 లీటర్ల నీరు కావలెనని వరి శాస్త్రజ్ఞుల అంచనా. ఇందులో కొంత తిరిగి భూమిలోకి ఇంకును. మన ప్రాంతంలో ఆ నీరు ఊరక రాదు. కల్వకుర్తి పథకంలో శ్రీశైలం వెనుక జలాలను ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు వద్ద మూడు దశలలో మోటార్లు పైకి తోడవలెను. కాలువ అందనిచోట బోరుబావే దిక్కు. పైగా నీరు నిలిచిన మడిలో మట్టికి గాలి అందక మీథేన్ వాయువు పుట్టును. అది భూతాపాన్ని పెంచును.

జొన్నకూ నీరు అవసరమే. కాని నల్లరేగడిలో యాసంగి జొన్న చాలావరకు నేలలో నిలిచిన వాన తేమతోనే పండును. దాని చొప్ప పశువులకు మేత.

ఆయుర్వేదం జొన్నను యావనాళమని పేర్కొన్నది. ఇది శీతలము, లఘువు, రూక్షము. కఫ పిత్తములను హరించును. రూక్షగుణం వలన వాతతత్త్వం గలవారికి, మలబద్ధకం ఉన్నవారికి వట్టి రొట్టె సరిపడదు. వారు నెయ్యి, మజ్జిగ, ఆకుకూర పప్పు చేర్చి తినవలెను. మధుమేహరోగులు జొన్నను కూడా మితంగానే తినవలెను, మందులు మానరాదు.

చేయు విధానం: జొన్నపిండిలో గోధుమపిండి వలె సాగే జిగురు ఉండదు. అందుచేత మరుగునీరు పోసి కలిపి, అరచేతితో బాగుగా మర్దించి, వెంటనే తట్టవలెను. పెనంపై వేసిన పిదప పైభాగాన తడిచేయి రాసినచో రొట్టె పగలదు. పిండి నిలువ ఉన్నచో చేదెక్కును గనుక పది పదిహేను రోజులకు సరిపడునంతే పట్టించుకొనవలెను.

మా ఇంట రాత్రిపూట అన్నం మాని రొట్టెకు మారితిమి. మొదటి వారం పిల్లలు ముఖం చిట్లించిరి. వేరుశనగ పొడి, నెయ్యితో పెట్టిన తరువాత వారే అడుగుచున్నారు. ఇప్పుడు నెలకు 15 కిలోల బియ్యం చాలుచున్నది. తగ్గిన 10 కిలోల బియ్యమనగా సుమారు 15 కిలోల వడ్లు. లెక్కకు 37,000 లీటర్ల పైచిలుకు నీరు!

వలసలతో అలసిన పాలమూరు రైతుకు కాలువ నీరు వరమే. వరి పండించుట తప్పనుట నా ఉద్దేశం కాదు. జొన్నలు కొనువారుంటేనే గదా రైతు జొన్న వేయును! ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపినది. ఆ సంవత్సరం గడచినది. మన పొయ్యి మాత్రం ప్రతి సాయంత్రం వెలుగుచున్నది. ఒక్క పూట రొట్టెతో ప్రారంభించి చూడండి.