జూలైలో సముద్రం ఒడ్డున ఆర్వీ నిలపాలంటే సంక్రాంతికే బుక్ చేసుకోవాలి

కాలిఫోర్నియాలో జనవరి 14 ఉదయం సరిగ్గా 8 గంటలకు చాలామంది కంప్యూటర్ల ముందు వేళ్ళు సిద్ధంగా పెట్టుకుని కూర్చుంటారు. అప్పటికి విజయవాడలో రాత్రి తొమ్మిదిన్నర, సంక్రాంతి హడావిడి. అక్కడ వాళ్ళు ఎదురుచూసేది సినిమా టికెట్ల కోసం కాదు, రైలు తత్కాల్ కోసమూ కాదు. జూలై 14న సముద్రం పక్కన ఒక బండి నిలుపుకునే జాగా కోసం. పేరున్న బీచ్‌ల్లో వేసవి వారాంతపు జాగాలు నిమిషాల్లో అయిపోతాయి.

పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులకు ఈ కథ ఏదో రూపంలో తెలిసే ఉంటుంది. మే నెలలో అమ్మానాన్నలు వస్తారు, ఒక వారం అందరం ఆర్వీ తీసుకుని సముద్రం ఒడ్డున గడుపుదాం అని కొడుకో కూతురో అంటారు. ఆర్వీ అంటే వంటగది, పడకలు, బాత్‌రూమ్ అన్నీ లోపలే ఉండే బండి. మన సినిమా షూటింగుల్లో హీరోలు సేదతీరే కారవాన్‌కు కుటుంబ రూపం అనుకోండి. ఏప్రిల్‌లో ముందు బండి అద్దెకు మాట్లాడతారు, తర్వాత దాన్ని ఎక్కడ నిలపాలా అని వెతుకుతారు. అప్పటికి జాగాలు ఉండవు. ఈ ప్రయాణంలో ముందు దొరకాల్సింది జాగా, ఆ తర్వాతే బండి. మిగతా ప్రణాళిక అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

అంత గిరాకీ ఎందుకు?

కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వం నడిపే పార్కులు దాదాపు 280. అన్నిట్లో కలిపి రాత్రి బస చేయగల జాగాలు సుమారు 15 వేలు. వీటిలో కొండల్లో, అడవుల్లో, చెరువుల పక్కన ఉన్నవీ ఉన్నాయి. సముద్రాన్ని ఆనుకున్నవి ఇందులో ఒక భాగమే. మరోపక్క ఆ రాష్ట్ర జనాభా దాదాపు నాలుగు కోట్లు.

ధర కూడా ఒక కారణం. స్టేట్ పార్కులో ఒక రాత్రికి చోటును బట్టి 35 నుంచి 70 డాలర్ల మధ్య అవుతుంది. అదే తీరంలో ప్రైవేటు ఆర్వీ పార్కులో 100 డాలర్లు దాటడం మామూలు. సముద్రం కనిపించే హోటల్ గది సంగతి చెప్పనక్కర్లేదు. కోట్ల డాలర్ల ఇళ్ళున్న తీరంలో మధ్యతరగతి కుటుంబం రాత్రి నిద్రపోగలిగే చోట్లలో స్టేట్ పార్కు ముఖ్యమైనది.

దీని వెనక ఒక పోరాటం ఉంది. తీరాన్ని ఇష్టమొచ్చినట్టు కట్టడాలతో నింపేయకుండా 1972లో కాలిఫోర్నియా ఓటర్లు ఒక ప్రతిపాదనను గెలిపించారు. దానికి కొనసాగింపుగా 1976లో కోస్టల్ యాక్ట్ వచ్చింది. సముద్రపు పోటు సగటున ఎంతవరకు వస్తుందో ఆ గీతకు దిగువనున్న ఇసుక అక్కడ ప్రజలదే. కానీ ఆ ఇసుక దాకా వెళ్ళే దారి ఎవరిదన్నదే చిక్కు.

ఈ చిక్కులో బాగా వినిపించిన పేరు మనకు తెలిసినదే: సన్ మైక్రోసిస్టమ్స్ సహ వ్యవస్థాపకుడు వినోద్ ఖోస్లా. శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణాన హాఫ్ మూన్ బే ఊరి దగ్గర మార్టిన్స్ బీచ్‌కు వెళ్ళే దారి ఉన్న భూమిని ఆయన 2008లో 3.25 కోట్ల డాలర్లకు కొన్నారు. కొంతకాలానికి గేటు మూతపడింది. సొంత ఆస్తిపై హక్కు నాదేనన్నది ఆయన వాదన. తీర చట్టం ప్రకారం అనుమతి లేకుండా దారి మూయకూడదన్నది సర్ఫర్ల సంస్థ వాదన. రాష్ట్ర కోర్టుల్లో ఆయన ఓడిపోయారు, 2018లో అమెరికా సుప్రీంకోర్టు ఆయన అప్పీలును వినడానికి నిరాకరించింది. ఆ బీచ్ మీద వేరే కేసులు తర్వాత కూడా నడిచాయి.

అక్కడికి ఉత్తరాన కొన్ని మైళ్ళ దూరంలోనే హాఫ్ మూన్ బే స్టేట్ బీచ్ ఉంది. అందులో ఫ్రాన్సిస్ బీచ్ అనే చోట ఆర్వీలు నిలుపుకోవచ్చు. తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే ఫ్రీమాంట్ నుంచి శాన్ మాటియో వంతెన దాటి, కొండ ఎక్కి దిగితే వచ్చేస్తుంది. ఒక గేటు కోసం అన్నేళ్ళు కోర్టుల్లో నడిచిన తీరంలోనే, ముందుగా మేల్కొన్న కుటుంబానికి ఒక రాత్రి జాగా కొన్ని పదుల డాలర్లకు దొరుకుతోంది.

జాగా పట్టుకోవడం

రిజర్వ్ కాలిఫోర్నియా అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో, దిగే తేదీకి సరిగ్గా ఆరు నెలల ముందు ఉదయం 8 గంటలకు బుకింగ్ తెరుచుకుంటుంది. జూలై 4 కావాలంటే జనవరి 4న, ఆగస్టు 10 కావాలంటే ఫిబ్రవరి 10న కూర్చోవాలి. ఖాతా, కార్డు వివరాలు ముందురోజే నింపి పెట్టుకోవాలి. ఏ నంబరు జాగా కావాలో మ్యాప్‌లో చూసి రెండు మూడు రాసి ఉంచుకోవాలి. ఎనిమిది అయ్యాక మ్యాప్ చూస్తూ కూర్చుంటే అవి వేరేవాళ్ళకు వెళ్ళిపోతాయి.

జాగా వివరాల్లో తప్పకుండా చూడాల్సింది పొడవు. ఈ సైట్‌లో మోటార్‌హోమ్ ఇన్ని అడుగులు, ట్రైలర్ ఇన్ని అడుగులు అని పరిమితి రాసి ఉంటుంది. 24 అడుగుల జాగా బుక్ చేసి 30 అడుగుల బండితో వెళితే గేటు దగ్గరే ఆపేయవచ్చు. ఒక సైట్‌లో సాధారణంగా 8 మందికి మించి ఉండకూడదు. నాలుగు కుటుంబాలు కలిసి వెళ్ళే అలవాటు మనవాళ్ళకు ఎక్కువ. నాలుగు కుటుంబాలంటే పక్కపక్కన నాలుగు సైట్లు దొరకాలి, అది ఇంకా కష్టం.

రెండో సంగతి హుకప్. అంటే బండికి బయటి నుంచి కరెంటు, నీళ్ళు, కొన్నిచోట్ల మురుగు గొట్టం కలుపుకునే ఏర్పాటు. తీరంలోని చాలా స్టేట్ పార్కుల్లో ఇది ఉండదు. దక్షిణాన హంటింగ్టన్ బీచ్ దగ్గరి బోల్సా చికా, శాన్ క్లెమెంటే వంటి కొన్నిచోట్ల ఉంటుంది, అక్కడ ధరా ఎక్కువ, పోటీ కూడా ఎక్కువే. హుకప్ లేనిచోట బండిలో తెచ్చుకున్న నీళ్ళు, బ్యాటరీ, గ్యాస్‌తోనే గడపాలి. జనరేటర్‌ను ఉదయం 10 నుంచి రాత్రి 8 వరకే నడపనిస్తారు.

పెద్దవాళ్ళు వస్తుంటే ఇంకొకటి చూడాలి. బీచ్ అని పేరున్నంత మాత్రాన బండి దిగగానే ఇసుక రాదు. శాంటా క్రూజ్ దగ్గరి న్యూ బ్రైటన్ స్టేట్ బీచ్‌లో జాగాలు గట్టు మీద ఉంటాయి, నీటి దగ్గరికి మెట్లు దిగి వెళ్ళాలి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మ రోజంతా పైనే కూర్చోవాల్సి వస్తుంది. ఫ్రాన్సిస్ బీచ్‌లో అంత ఇబ్బంది లేదు.

ఆ పక్కనే సీక్లిఫ్ స్టేట్ బీచ్‌లో ఆర్వీలు ఇసుకను ఆనుకునే వరసగా నిలిచేవి. ఏళ్ళ తరబడి కుటుంబాలు వచ్చిన చోటు అది. 2023 జనవరి తుపానుల్లో అలలు ఆ వరసను, గోడను ఛిద్రం చేశాయి. చెక్క వంతెన రెండు ముక్కలై, ఆ తర్వాత దాన్ని కూల్చేయాల్సి వచ్చింది. నష్టం చూడటానికి అప్పటి అధ్యక్షుడు బైడెన్ అక్కడికే వచ్చారు. అసలే తక్కువగా ఉన్న జాగాలను సముద్రం కూడా తినేస్తోంది. అందుకే పాత ప్రయాణ కథనాలు చదివి చోటు ఎంచుకోకండి. పార్కు అధికారిక పేజీలో ఆ వారం ఏది తెరిచి ఉందో చూడాలి. బిగ్ సర్ మీదుగా వెళ్ళే హైవే 1 విషయంలోనూ అంతే. 2017లో మడ్ క్రీక్ దగ్గర కొండ జారి పడితే ఆ దారి మళ్ళీ తెరుచుకోవడానికి ఏడాదికి పైగా పట్టింది.

ఇప్పుడు బండి

జాగా ఖాయమయ్యాక దాని పొడవుకు తగ్గ బండి చూడాలి. కుటుంబాలు ఎక్కువగా తీసుకునేది క్లాస్ సి రకం. డ్రైవర్ తల మీద కూడా ఒక పడక ఉండే బండి, 25 అడుగుల ప్రాంతంలో ఉంటుంది. మన ఆర్టీసీ బస్సు పొడవులో మూడింట రెండు వంతులు. కాలిఫోర్నియాలో 40 అడుగుల వరకు మోటార్‌హోమ్‌ను మామూలు కారు లైసెన్సుతోనే నడపవచ్చు. నడపవచ్చు అంటే నడపడం తేలిక అని కాదు. ముందురోజు ఖాళీ పార్కింగ్‌లో రివర్స్ చేసి చూసుకోండి. పైకప్పు ఎత్తు ఎంతో కాగితం మీద రాసి అద్దం దగ్గర అంటించుకోండి. పెట్రోల్ బంకు కప్పులకు, చెట్ల కొమ్మలకు తగిలేది అదే.

‘ఆరుగురు పడుకోవచ్చు’ అన్న ప్రకటన చూసి ఆరుగురు ఎక్కకూడదు. సీటు బెల్టులు ఎన్ని ఉన్నాయో విడిగా అడగాలి. వెనక పడక మీద నాన్న పడుకుని ప్రయాణిస్తారంటే కుదరదు.

ఖర్చు లెక్కలో చాలామంది బోల్తా పడేది ఇక్కడే. వేసవిలో రాత్రికి 150, 200 డాలర్లు దాటే అద్దె పైకి కనిపించేది మాత్రమే. మైలుకు ఇంత అని, జనరేటర్ గంటకు ఇంత అని, బీమా, శుభ్రం చేసినందుకు విడిగా వేస్తారు. ఈ బండి లీటరుకు మూడు, మూడున్నర కిలోమీటర్ల కంటే ఎక్కువ ఇవ్వదు. అన్నీ కూడితే నలుగురు కారులో వెళ్ళి ఓ మాదిరి మోటెల్‌లో దిగినదాని కంటే ఎక్కువే కావచ్చు. డబ్బు ఆదా అవుతుందని ఆర్వీ తీసుకోవద్దని నా అభిప్రాయం. రాత్రి అలల చప్పుడు వింటూ అందరూ ఒకే కప్పు కింద పడుకోవడానికైతే తీసుకోండి.

తాలింపు, నీళ్ళు, చలి

మన ఇళ్ళకే ప్రత్యేకమైన సమస్యలు కొన్నున్నాయి. బండి లోపల పొగ అలారం పొయ్యికి బారెడు దూరంలోనే ఉంటుంది. ఎండుమిర్చి తాలింపు పెడితే అది మోగడం ఖాయం. దాన్ని తీసి పక్కన పెట్టే తెలివి ప్రదర్శించకండి, గ్యాస్ బండిలో అది ప్రాణాల మీదకు తెస్తుంది. కిటికీ, పైనున్న ఫ్యాన్ తెరవండి, లేదా చిన్న స్టవ్ తీసుకెళ్ళి బయట బల్ల దగ్గర పోపు పెట్టండి. కుక్కర్ గ్యాస్ మీద చక్కగా పనిచేస్తుంది. హుకప్ లేనిచోట జనరేటర్ వేస్తే తప్ప మిక్సీ, మైక్రోవేవ్, ఏసీ నడవవు. పచ్చళ్ళు, పొడులు, ఇడ్లీ పిండి ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుంటే సగం పని తప్పుతుంది.

నీళ్ళ సంగతి పెద్దవాళ్ళకు మొదటిరోజే మెల్లగా చెప్పాలి. ఈ సైజు బండిలో మంచినీళ్ళు సుమారు 150 లీటర్లు పడతాయి. ఐదుగురు రెండు రోజులు మామూలుగా స్నానాలు చేస్తే అయిపోతాయి. సింకు, స్నానం నీళ్ళు ఒక ట్యాంకులోకి, మరుగుదొడ్డి నీళ్ళు ఇంకో ట్యాంకులోకి వెళతాయి. రెండోదాన్ని బ్లాక్ వాటర్ అంటారు. అది నిండితే ఇక వాడలేరు. టాయిలెట్‌లో చెంబుతో ధారాళంగా పోసే అలవాటు ఉంటే అది మరీ త్వరగా నిండుతుంది. పార్కులో ఉమ్మడి టాయిలెట్లు ఉంటాయి, చాలాచోట్ల షవర్లూ ఉంటాయి. పగలు అవి వాడుకుని బండిలోది రాత్రికి దాచుకోవడం మేలు. వెళ్ళేటప్పుడు డంప్ స్టేషన్‌లో ముందు బ్లాక్ వాటర్, తర్వాత సబ్బు నీళ్ళు వదలాలి, అప్పుడు గొట్టం దానంతటదే శుభ్రపడుతుంది. అన్ని పార్కుల్లోనూ డంప్ స్టేషన్ ఉండదు, ముందే చూసుకోండి. మధ్యాహ్నం 12కల్లా జాగా ఖాళీ చేయాలి కాబట్టి ఆ వేళకు అక్కడ వరస ఉంటుంది.

వాతావరణం గురించి సినిమాలు అబద్ధం చెబుతాయి. విజయవాడలో 42 డిగ్రీల ఎండ నుంచి వచ్చిన నాన్నకు జూలైలో హాఫ్ మూన్ బే పొద్దున 14 డిగ్రీలు, ముసురు పట్టినట్టు పొగమంచు, చేతులు కొంకర్లు పోయే గాలి చూపిస్తే నమ్మరు. స్వెటర్లు, మంకీ టోపీలు ఆ వేసవిలో కావాల్సిందే. నీళ్ళు ఇంకా చల్లన. రామకృష్ణా బీచ్‌లోలా లోపలికి దిగి ఆడుకునే సముద్రం కాదది. ఉన్నట్టుండి పెద్ద అల వచ్చి రాళ్ళ మీద నిలబడ్డవాళ్ళను లాక్కెళ్ళిన సంఘటనలు ఆ తీరంలో ఉన్నాయి. ఫొటో కోసం సముద్రానికి వీపు తిప్పి నిలబడకూడదని అక్కడి రేంజర్లు పదేపదే చెబుతారు.

జనవరి దాటిపోతే?

వెబ్‌సైట్‌లో ఖాళీ అయితే కబురు పంపే ఏర్పాటు ఉంది, అది పెట్టుకోండి. ఆలస్యంగా రద్దు చేసేవాళ్ళకు ఎక్కువ డబ్బు పోయేలా 2023లో రాష్ట్రం చట్టం చేసింది కాబట్టి, రానివాళ్ళు కాస్త ముందుగానే జాగా వదులుకునే అవకాశం పెరిగింది. ఆ నిబంధన మీకూ వర్తిస్తుంది. వీసా, టికెట్లు తేలకముందే బుక్ చేసినప్పుడు రద్దుకు ఆఖరి తేదీ క్యాలెండర్‌లో రాసుకోవాలి. శుక్ర, శనివారాలు వదిలేసి సోమవారం నుంచి గురువారం వరకు చూస్తే దొరికే అవకాశం బాగా ఎక్కువ. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి నాలుగు గంటలు ఉత్తరానికి వెళ్ళే ఓపిక ఉంటే ఫోర్ట్ బ్రాగ్ దగ్గర మకెరికర్ స్టేట్ పార్కు ఉంది, రాళ్ళ మీద సీల్‌లు పడుకుని కనిపిస్తాయి.

పిల్లల బడి సెలవులతో పని లేనివాళ్ళకైతే సెప్టెంబర్ నెలాఖరు ఇంకా మంచిది. పొగమంచు తగ్గుతుంది, ఎండ కాస్తుంది, జనం పలచబడతారు. మేలో వచ్చిన తల్లిదండ్రులు అప్పటికి ఇంకా అక్కడే ఉంటే సరే సరి. సెప్టెంబర్ 20కి మార్చి 20న తెరుచుకుంటుంది, ఉగాదికి కాస్త అటూ ఇటూగా. అప్పటికి అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరుగుతాయి కాబట్టి, ఇక్కడి నుంచి ఫోన్ చేసి కొడుకును నిద్రలేపాలనుకునే అమ్మ రాత్రి ఎనిమిదింపావుకే చేయాలి.