పనసపొట్టు మీద పడ్డ నింద

మా మనవరాలు నిజామాబాద్ నుంచి అమీర్‌పేటకు కోర్సు నేర్చుకోవడానికి వచ్చింది. మైత్రీవనం దగ్గర సందులో హాస్టల్. వారమంతా జావా క్లాసులు, ఆదివారం పంజగుట్టలో మా ఇల్లు. అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే తరవాతి స్టేషనే పంజగుట్ట. ఎక్కి కూర్చునేలోపే దిగాలి.

2024 ఎండాకాలంలో ఒక ఆదివారం వాళ్ల నాయనమ్మ పనసపొట్టు కూర చేసింది. ఆవ పెట్టి, ఇంగువ వేసి, జీడిపప్పు వేయించి. మా ఇంటావిడది కోనసీమ. పిల్లేమో నిజామాబాద్‌లో పెరిగింది, ఆ కూర తినడం అదే మొదలు. మారు వడ్డించుకుని తింది. సాయంత్రం నాలుగింటికి కడుపులో తిప్పడం మొదలైంది. రాత్రంతా వాంతులు, విరేచనాలు, ఒళ్లు కాలిపోయే జ్వరం. తెల్లారాక ఆసుపత్రి, సెలైను. నాలుగు రోజులకు పేగులు కుదుటపడ్డాయి. పిల్ల మాత్రం కుదుటపడలేదు.

మొదట్లో పనసపొట్టు పేరెత్తితే ముఖం తిప్పుకునేది. తరవాత ఆవ వాసన ఎక్కడ తగిలినా అంతే, ఆవకాయ జాడీ మూత తీస్తే లేచి వెళ్లిపోయేది. అట్నుంచి కూరలన్నిటికీ పాకింది. నెల తిరిగేసరికి దాని తిండి బిస్కెట్లు, పాలు లేని టీ, సీలు తీయని నీళ్ల సీసా. ఐదు కిలోలు తగ్గింది. పొద్దున్నే అమీర్‌పేట టిఫిన్ బళ్ల మధ్య నుంచి క్లాసుకి వెళ్లేటప్పుడు ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకునేదట. ఇక వాళ్ల నాయనమ్మ బాధ చెప్పనలవి కాదు. "నా చేత్తో పెట్టిన ముద్దే దాన్ని ఇలా చేసిందా" అని రాత్రిళ్లు నిద్రపోయేది కాదు.

నేను హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి. ఒకరోజు పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. "అమ్మలూ, దానికి ముందు రాత్రి ఏం తిన్నావురా?" శనివారం రాత్రి స్నేహితురాలితో ఒక బండి దగ్గర మయోనైజ్ పూసిన శాండ్‌విచ్ తిందట. ఆ స్నేహితురాలు కూడా ఆదివారం పొద్దున్నే పడకేసింది. ఆ అమ్మాయి మా ఇంటి గడప తొక్కనే లేదు. మేం ముసలివాళ్లిద్దరం కూర సుబ్బరంగా తిన్నాం, మాకేమీ కాలేదు.

ఇక్కడ లెక్క చూడండి. అప్పట్లో బండి మీద మయోనైజ్‌ను ఎక్కువగా పచ్చి గుడ్డు, నూనె గిలక్కొట్టి చేసేవారు, దాన్ని ఉడికించేవారు కాదు. సాల్మొనెల్లా అనే బాక్టీరియా గుడ్డు పెంకు మీదే కాదు, ఒక్కోసారి కోడి అండాశయంలోంచే గుడ్డు లోపలికి చేరుతుంది. పచ్చసొన గట్టిపడేదాకా ఉడికిస్తే చచ్చిపోతుంది. ఉడికించని గుడ్డును ఎండాకాలంలో గంటల తరబడి బయట ఉంచితే అది పెరుగుతూనే ఉంటుంది. మన పొట్టలోకి వెళ్లాక జబ్బు బయటపడడానికి 6 గంటల నుంచి 6 రోజుల దాకా పట్టొచ్చు. అందుకే వాంతికి ముందు తిన్నదాన్నే నేరస్థురాలిగా నిలబెడితే చాలాసార్లు పొరపాటు పడతాం.

ఇదంతా కాగితం మీద గీసి చూపించాను. పిల్ల తెలివైనది, వెంటనే ఒప్పుకుంది. "నాయనమ్మ కూర తప్పు లేదు తాతయ్యా, నాకు తెలుసు" అంది. తెలుసన్న పిల్ల ముందు కూర పెడితే మళ్లీ డోకు. వాళ్ల నాన్నకు కోపం వచ్చింది. "తెలిశాక ఇంకా మొండితనం ఏమిటి?" అని ఫోన్లో కేకలేశాడు. అది మొండితనం కాదు. అది చెప్పడానికే ఈ కబుర్లు రాస్తున్నాను.

1950లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో, అమెరికా నౌకాదళం వారి రేడియేషన్ పరిశోధనశాలలో, జాన్ గార్సియా అనే శాస్త్రవేత్త ఎలుకల మీద పనిచేసేవాడు. రేడియేషన్ గదిలో పెట్టినప్పుడల్లా ఎలుకలు నీళ్లు తాగడం తగ్గించేవి. ఆ గదిలో నీళ్ల సీసాలు ప్లాస్టిక్‌వి. ఎలుకలు తమ కడుపులో వికారాన్ని ప్లాస్టిక్ రుచికి అంటగట్టాయి. ఆయన 1955లో తియ్యటి సాకరిన్ నీళ్లతో దీన్ని రుజువు చేశాడు. పావ్లోవ్ అనే శాస్త్రవేత్త ప్రయోగంలో కుక్కలకు గంట మోత, తిండి వెంటవెంటనే, మళ్లీమళ్లీ జరిగితేగాని పాఠం ఒంటబట్టలేదు. గార్సియా ఎలుకలకు ఒక్కసారి చాలింది. తాగడానికీ జబ్బుకీ మధ్య గంటలు గడిచినా సరే. చాలామంది శాస్త్రవేత్తలు చాలాకాలం దీన్ని నమ్మలేదు.

1966లో ఇంకో సంగతి తేలింది. రుచి, వెలుగు, చప్పుడు మూడూ కలిపి నీళ్లిచ్చి ఎలుకలకు జబ్బు తెప్పిస్తే అవి రుచినే అసహ్యించుకున్నాయి, వెలుగునూ చప్పుడునూ పట్టించుకోలేదు. అదే కరెంటు షాకు ఇస్తే వెలుగూ చప్పుడూ చూసి భయపడ్డాయి, రుచిని మాత్రం పట్టించుకోలేదు. కడుపునొప్పికి నాలుకే కారణమని శరీరం పుట్టుకతోనే అనుకుంటుందన్నమాట. అందులోనూ అలవాటైన రుచిని అంత తేలిగ్గా అనుమానించదు, కొత్తదాని మీదే నింద వేస్తుంది. ఆ పొద్దున తిన్న హాస్టల్ ఇడ్లీ తప్పించుకుంది. మయోనైజ్ కూడా తప్పించుకుంది, దాన్ని ఆ పిల్ల ఎన్నోసార్లు తింది. కొత్తగా వచ్చిన పనసపొట్టు దొరికిపోయింది.

ఈ నింద మోపే పని మెదడు అడుగున, మన ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా జరిగిపోతుంది. అక్కడ ఒక చిన్న చోట రక్తానికీ మెదడుకూ మధ్య అడ్డుగోడ పల్చగా ఉంటుంది, రక్తంలో విషం ఉంటే పసిగట్టడానికి. పేగు గోడల్లోని కణాలు సెరటోనిన్ వదిలితే వేగస్ నరం ఆ కబురును పైకి మోస్తుంది. దానికి మన తర్కం వినపడదు.

ఇందులో నా మనసుకు బాగా పట్టిన ప్రయోగం ఒకటుంది. ఇలీన్ బెర్న్‌స్టైన్ అనే శాస్త్రవేత్త 1978లో, క్యాన్సర్ మందు ఎక్కించుకునే పిల్లలకు ముందుగా ఒక కొత్త రకం ఐస్‌క్రీం పెట్టి చూసింది. తరవాత ఆ పిల్లల్లో చాలామంది ఆ ఐస్‌క్రీం వద్దన్నారు. 1987లో ఆమె బృందం దీన్నే తిప్పి వాడుకుంది. భోజనం అయ్యాక, మందు ఎక్కించేముందు, వింత రుచి ఉన్న చప్పరింపు బిళ్ల ఒకటి ఇచ్చారు. వికారం నిందంతా ఆ బిళ్ల మీద పడింది, పిల్లల అన్నం చాలావరకు బతికిపోయింది. మా పంజగుట్ట నిమ్స్ ఆసుపత్రి ముందునుంచి నడిచినప్పుడల్లా, అక్కడ క్యాన్సర్ వార్డులో బిడ్డల దగ్గర టిఫిన్ క్యారియర్లతో కూర్చునే తల్లులకు ఇది చెప్పాలనిపిస్తుంది.

భయానికి శరీరమే దోహదం చేసే ఇంకో దారి ఉంది. రోజుల తరబడి తక్కువ తింటే పొట్ట ఖాళీ అయ్యే వేగం మందగిస్తుంది. అప్పుడు రెండు ముద్దలకే ఉబ్బరం, వికారం. "చూశావా, తింటే ఏదో అవుతోంది" అని భయం ఇంకా బిగుస్తుంది. లంఖణం పరమౌషధమని మన పెద్దలన్నారు గాని, దాని వెంటే పథ్యం కూడా చెప్పారు. గంజి, మజ్జిగ, చారన్నం, పెరుగన్నం... మళ్లీ అన్నంలోకి దింపే మెట్లు అవి. మా పిల్ల మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది.

డాక్టరు పరీక్షలన్నీ చేసి, పేగుల్లో ఏమీ లేదని తేల్చి, మానసిక నిపుణురాలి దగ్గరికి పంపారు. ఆవిడ దీనికి పేరుందని చెప్పారు, ఆర్ఫిడ్. 2013లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథంలోకి ఎక్కింది. లావవుతామన్న భయంతో తిండి మానేయడం వేరు, తింటే ఏదో అవుతుందన్న భయంతో మానేసే ఇది వేరు. మా ఇంట్లో "పిచ్చి డాక్టరా?" అన్న మాట రాకపోలేదు. అమీర్‌పేట నుంచి మూడో స్టేషన్ ఎర్రగడ్డ, అక్కడ ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. ఆ ఊరి పేరును వెక్కిరింపుగా వాడడం మనం ఇకనైనా మానుకోవాలి. మానసిక ఆరోగ్య సహాయానికి టెలిమానస్ నంబరు 14416కు ఊరికే ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు. బరువు తగ్గిపోతున్నా, నీళ్లు కూడా నిలవకపోయినా, మలంలో రక్తం కనిపించినా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఆ నిపుణురాలు చెప్పిన వైద్యం వింటే నాకు 1924 నాటి ఒక బుడ్డోడు గుర్తొచ్చాడు. కుందేలంటే హడలిపోయే పీటర్ అనే మూడేళ్ల పిల్లాడికి మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇష్టమైన తిండి పెడుతూ, కుందేలు బోనును రోజూ కాస్త కాస్త దగ్గరికి జరిపింది. చివరికి వాడు దాన్ని నిమిరాడు. మాకు కుందేలు స్థానంలో కూర గిన్నె. పిల్ల జావా నోట్సు వెనకపేజీలో భయం తక్కువ ఉన్నదాని నుంచి ఎక్కువ ఉన్నదాకా వరసగా రాసుకుంది. గంజి, ఇడ్లీ, పెరుగన్నం, పప్పు, బెండకాయ, ఆవకాయ, చిట్టచివర పనసపొట్టు. తినే వేళలు మారకూడదు, కొంచెమైనా సరే. ఒక్కో మెట్టు దగ్గర చూడడం, వాసన, నాలుక చివర, అప్పుడు మింగడం. గుండె దడ తగ్గేదాకా బల్ల దగ్గర్నుంచి లేవకూడదు. మేమేమో బతిమాలకూడదు, తిట్టకూడదు, ముఖంలోకి చూస్తూ కూర్చోకూడదు. మా ఇంటావిడకు ఈ ఆఖరిది అన్నిటికన్నా కష్టమైంది.

దసరాకి బెండకాయ దాకా వచ్చింది. అక్టోబరు చివర్లో బంజారాహిల్స్ నందినగర్‌లో మయోనైజ్‌తో మోమోలు తిని ఒక మహిళ చనిపోయింది, మరెంతోమంది జబ్బుపడ్డారు. అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్ల మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. నందినగర్ మా ఇంటికి కూతవేటు దూరం. ఆ కుటుంబం గురించి తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. ఆ వార్త చూసిన రాత్రే మా పిల్ల మళ్లీ బిస్కెట్లకు వెళ్లిపోయింది. నిపుణురాలు కంగారుపడలేదు. పాత పాఠం చెరిగిపోదు, దాని మీద కొత్త పాఠం రాసుకుంటూ పోతాం, అప్పుడప్పుడు కింది అక్షరాలు పైకి కనబడతాయి అన్నారు. మళ్లీ ఇడ్లీ నుంచి మొదలుపెట్టాం. ఈసారి మెట్లు త్వరగా ఎక్కింది. పచ్చి గుడ్డు మయోనైజ్ మాత్రం జాబితాలో లేదు, ఉండనక్కర్లేదు కూడా. ఆ భయం సరైన చిరునామాకే చేరింది.

మరుసటి ఏడాది మార్చిలో మోండా మార్కెట్ నుంచి లేత పనసకాయ తెచ్చాను. పొట్టు కొడుతుంటే పిల్ల గుమ్మంలో నిలబడి చూసింది. కాసేపటికి లోపలికి వచ్చి పీట వేసుకుంది. వాళ్ల నాయనమ్మ ఆవ నూరుతూ తలెత్తలేదు, ముఖంలోకి చూడకూడదు కదా.

"ఆవ కాస్త తక్కువెయ్యి నాయనమ్మా," అంది పిల్ల.