కృష్ణకు ఇరుగట్లా ఒకే నగర ప్రాంతం

నగరం వేరు, నగర ప్రాంతం వేరు. నగరపాలక సంస్థ హద్దుల్లో ఉన్నది నగరం కాగా, ఉపాధికీ చదువుకూ వైద్యానికీ బేరసారాలకూ దానిమీద ఆధారపడి, నిత్యం రాకపోకలు సాగించే పట్టణాలూ గ్రామాలూ కలుపుకొన్నది నగర ప్రాంతం. మహానగరం సాధారణంగా ఒకే కేంద్రం నుంచి నలుదిక్కులకూ విస్తరిస్తుంది. మధ్యస్థాయి నగరాల విషయంలో మాత్రం చేరువలో ఉన్న రెండు మూడు ఊళ్లు దేని ప్రత్యేకత అది నిలుపుకుంటూనే ఒకదానితో ఒకటి అల్లుకుపోవడం కద్దు. విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి అలా అల్లుకున్నవే.

ఈ అల్లిక ఒక్కనాటిది కాదు. 1855 నాటికి కృష్ణా నదిపై ఆనకట్ట పూర్తయి డెల్టాకు సాగునీరు అందడంతో ధాన్యం వ్యాపారం పుంజుకుని బెజవాడ (నేటి విజయవాడ), తెనాలి ఎదిగాయి. 1893లో నదిపై రైలు వంతెన పడటంతో బెజవాడ మద్రాసు-కలకత్తా మార్గంలో ప్రధాన జంక్షన్‌గా మారింది. పాత ఆనకట్ట స్థానంలో 1957లో సిద్ధమైన ప్రకాశం బ్యారేజీ నీటితోపాటు రోడ్డు దారినీ ఇచ్చింది. పొగాకు, మిర్చి వ్యాపారాలతో గుంటూరు తన బలంతో తాను పెరగగా, రెండు నగరాల నడుమ జాతీయ రహదారి పక్కన 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం, ఇటీవల మంగళగిరిలో ఎయిమ్స్ వెలిశాయి.

ఊరు పట్టణంగా మారిందనడానికి జనగణన శాఖకు ఒక కొలత ఉంది. కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది జనసాంద్రత, పురుష శ్రామికుల్లో 75 శాతానికి వ్యవసాయేతర పనులు ఉంటే, పరిపాలనలో అది పంచాయతీయే అయినా ‘జనగణన పట్టణం’ అవుతుంది. విజయవాడ శివార్లలో బందరు రోడ్డు వెంట పొలాలు ప్లాట్లుగా, ప్లాట్లు అపార్ట్‌మెంట్లుగా మారిన కానూరు, పోరంకి ఈ దశ దాటాకే తాడిగడప పురపాలక సంఘంలో చేరాయి. జీవనం ముందు మారుతుంది, పాలన ఆనక కదులుతుంది.

విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి పేర్లతో 1978లోనే పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడింది. 2014లో దాని స్థానంలో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) వచ్చింది. అయితే భూవినియోగ ప్రణాళిక ఒకరిదీ, తాగునీరు, మురుగు, చెత్త బాధ్యత ఎక్కడికక్కడ స్థానిక సంస్థలదీ అయినప్పుడు హద్దుల దగ్గరి కాలనీలు ఎవరికీ పట్టనివవుతాయి. ప్రాంతమంతటికీ ఒకే రవాణా, నీటి ప్రణాళిక ఉండి, దాన్ని అమలు చేసే అధికారం, నిధులు కూడా ఒకేచోట ఉంటే తప్ప నగర ప్రాంతం కాగితం మీది గీతగానే మిగులుతుంది.