పెద్ద కుక్క గొప్ప కుక్కేనా?

అది 1925 జనవరి. అలాస్కా పశ్చిమ తీరాన నోమ్ అనే చిన్న ఊరు. సముద్రం గడ్డకట్టింది కనుక ఓడలు రావు. ఆ ఊరి పిల్లలకు డిఫ్తీరియా సోకింది. మన పెద్దవాళ్లు కంఠసర్పి అనే జబ్బు ఇదే. గొంతులో పొర కట్టి ఊపిరి ఆడనివ్వదు. ఊరి డాక్టరు కర్టిస్ వెల్చ్ దగ్గరున్న మందుకు కాలం చెల్లింది. కొత్త మందు రైలు మీద నెనానా దాకా వచ్చి ఆగిపోయింది. అక్కడి నుంచి నోమ్‌కు 674 మైళ్లు, అంటే సుమారు 1085 కిలోమీటర్లు. అంత మంచులో మందును మోసుకుపోవాలంటే బండ్లు లాగే కుక్కలే దిక్కు.

ఇరవై మంది బండివాళ్లు, సుమారు 150 కుక్కలు. ఒక జట్టు నుంచి మరో జట్టు అందుకుంటూ అయిదున్నర రోజుల్లో, ఫిబ్రవరి 2న, మందును నోమ్‌కు చేర్చారు. అందరిలోకీ ఎక్కువ దూరం, అందులోనూ ప్రమాదకరమైన దారిలో నడిచింది లియొనార్డ్ సెప్పాలా జట్టు. దానికి ముందు నడిచిన కుక్క పేరు టోగో. అప్పటికి దానికి పన్నెండేళ్లు. బరువెంతో ఊహించగలరా? దాదాపు 22 కిలోలు! మన వీధుల్లో తిరిగే కుక్కల కంటే మరీ పెద్దదేమీ కాదు.

నిజానికి నోమ్ జనానికి కూడా మొదట ఈ చిన్న కుక్కల మీద నమ్మకం లేదు. 1908లో విలియం గూసాక్ అనే రష్యా వర్తకుడు సైబీరియా నుంచి వాటిని తెచ్చినప్పుడు, భారీ కుక్కలకు అలవాటుపడ్డ ఊరివాళ్లు ‘సైబీరియా ఎలుకలు’ అని ఎగతాళి చేశారు. రెండేళ్లు తిరగకుండానే, 1910 పందెంలో, ఆ ఎలుకల జట్టు ఒకటి 408 మైళ్లను 74 గంటల చిల్లరలో పూర్తిచేసి మొదటి బహుమతి కొట్టేసింది. నవ్విన నాపచేనే పండిందన్నమాట.

చిన్న కుక్క పెద్ద కుక్కను ఎలా ఓడించింది? మీ లెక్కల పుస్తకంలోని ఘనాన్ని తీసుకోండి. భుజం 1 సెంటీమీటరైతే ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు, ఘనపరిమాణం 1 ఘన సెంటీమీటరు. భుజాన్ని రెట్టింపు చేయండి. ఉపరితలం 24 అవుతుంది, ఘనపరిమాణం మాత్రం 8కి పెరుగుతుంది. అంటే ఒక్కొక్క ఘన సెంటీమీటరుకు ఇంతకుముందు 6 చదరపు సెంటీమీటర్ల ‘చర్మం’ ఉంటే ఇప్పుడు 3 మాత్రమే మిగిలింది. పరుగెత్తే కండరాలు వేడిని పుట్టిస్తాయి. ఆ వేడి బయటికి పోవలసింది ఒంటి ఉపరితలం నుంచీ, వగర్చే నోటి నుంచీ. శరీరం పెద్దదయ్యేకొద్దీ వేడి పుట్టే చోటు ఎక్కువ, పోయే చోటు తక్కువ. మంచులో కూడా కుక్కకు వడదెబ్బ లాంటిది తగులుతుందంటే వింతగా లేదూ? మెల్లగా బరువులు లాగడానికి 38 కిలోల మాలమ్యూట్ జాతి కుక్క భేషుగ్గా పనికొస్తుంది. రోజంతా పరుగెత్తాలంటే మాత్రం 20, 25 కిలోల కుక్కే మేలు.

మరి కావలసిన పరిమాణంలో కుక్కలను తయారుచేయడం ఎలా? పరిమాణాన్ని నిర్ణయించేది ఒక్క జన్యువు కాదు. కుక్కల్లో ఇరవైకి పైగా జన్యువులు కలిసి ఈ పని చేస్తాయి. వాటిలో ముఖ్యమైన ఐజీఎఫ్-1 అనే జన్యువు సంగతి 2007లో బయటపడింది. కుక్కల పరిమాణంలో కనిపించే తేడాలో సుమారు 15 శాతం దీని వల్లనే. ఈ జన్యువుకు సంబంధించి చిన్న ఒంటిని ఇచ్చే మార్పు 54 వేల ఏళ్ల నాటి సైబీరియా తోడేలు అవశేషాల్లోనూ ఉందని 2022లో తేలింది. కుక్కలను మనిషి మచ్చిక చేసుకోకముందే చిన్నతనం తోడేలులో దాగి ఉందన్నమాట!

ప్రతి జన్యువుకూ రెండు ప్రతులు ఉంటాయి. ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వస్తాయి. మంచి కుక్క ఒకటి దొరికిందనుకోండి. పెంపకందారు దాన్ని దాని మనుమరాలితో జతకట్టిస్తాడు. ఇలా ఒకే వంశంలో జతకట్టించడాన్ని లైన్ బ్రీడింగ్ అంటారు. పుట్టిన కూనలో ఒక జన్యువు రెండు ప్రతులూ ఆ తాత దగ్గరున్న ఒకే ప్రతికి నకళ్లయ్యే అవకాశం ఎనిమిదింట ఒక వంతు. మేనమామను పెళ్లాడిన అమ్మాయి బిడ్డకూ ఇదే లెక్క వర్తిస్తుంది. మేనరికం వద్దని డాక్టర్లు చెప్పేది ఈ లెక్క చూసే.

ఇలా కొన్ని తరాలు నడిపితే కూనలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు వస్తాయి. ఎత్తు, బరువు ముందే చెప్పవచ్చు. పెంపకందారు కోరుకునేది అదే. కానీ మంచి ప్రతులు జంటపడినట్టే, ఇన్నాళ్లూ చాటున దాగిన చెడ్డ ప్రతులూ జంటపడతాయి. అమెరికా వ్యవసాయశాఖ 1906 నుంచి గినీ పందుల్లో అన్నాచెల్లెళ్లను జతకట్టిస్తూ ఇరవై తరాలు దాటించింది. ఆ లెక్కలన్నీ పరిశీలించినవాడు స్యూవల్ రైట్. ఒక్కో కుటుంబం ఒక్కో తీరుగా స్థిరపడింది. కానీ మొత్తం మీద బరువు తగ్గింది, ఈతకు పుట్టే పిల్లల సంఖ్యా తగ్గింది. అప్పుడు రెండు వేర్వేరు కుటుంబాల వాటిని కలిపారు. పోయిన సత్తువ ఒక్క తరంలోనే చాలావరకు తిరిగి వచ్చింది! దీన్నే సంకరతేజం అంటారు.

ఇక్కడ చాలామంది పొరబడతారు. సంకరం చేస్తే తల్లిదండ్రులిద్దరినీ మించిన భీముడు పుడతాడనుకుంటారు. అంతఃప్రజననంతో కుంగిపోయిన ఒళ్లు కోలుకోవడం ఒకటి, పెద్ద జాతికి చిన్న జాతిని కలపడం మరొకటి. 38 కిలోల జాతికి 22 కిలోల జాతిని కలిపితే కూనలు సాధారణంగా నడిమి పరిమాణంలో, 30 కిలోల ప్రాంతంలో ఉంటాయి. అవి కాస్త ఒక్క తీరుగానే కనిపిస్తాయి. ఆ కూనలను మళ్లీ వాటిలో వాటికే జతకట్టిస్తే మాత్రం చిక్కు మొదలవుతుంది. జన్యువులు పేకముక్కల్లా కలిసిపోయి ఒకటి తాతంత, ఒకటి అమ్మమ్మంత, మిగిలినవి మధ్యస్థంగా పుడతాయి. హైబ్రిడ్ మొక్కజొన్న వేసే రైతు తన పంట గింజల్నే దాచుకోకుండా ఏటా కొత్త విత్తనం ఎందుకు కొంటాడో మీకిప్పుడు అర్థమై ఉంటుంది.

అలాస్కా బండివాళ్లు ఈ రెండు దారులనూ వాడుకున్నారు. వాళ్ల ‘అలాస్కన్ హస్కీ’కి ఒక నిర్ణీత రూపమంటూ లేదు. ఏ రంగైనా, ఏ చెవులైనా సరే, పరుగెత్తితే చాలు. 2010లో వీటి జన్యువులు పరిశీలిస్తే, తక్కువ దూరం పందెపు కుక్కల్లో పాయింటర్ అనే వేటకుక్క పాలు ఎక్కువగా కనిపించింది. దూరప్రయాణపు కుక్కల్లో మాలమ్యూట్, సైబీరియన్ హస్కీ పాలు ఎక్కువ. సంకరంతో కొత్త రక్తం తెచ్చారు, నచ్చిన కూనలను తమలో తాము కలిపి నిలబెట్టుకున్నారు. కొలబద్ద పట్టుకొని ఎంచలేదు. బండి వెనక నిలబడి ఎంచారు. అయినా బరువు మళ్లీ టోగో దరిదాపులకే వచ్చి చేరింది.

మందుతో ఆఖరి మజిలీ చేరిన జట్టు ముందున్న కుక్క పేరు బాల్టో. పేరంతా దానికే వచ్చింది. న్యూయార్కు సెంట్రల్ పార్కులో విగ్రహం కూడా పెట్టారు. దాని కళేబరాన్ని క్లీవ్‌లాండ్ మ్యూజియంలో భద్రపరిచారు. ఆ చర్మపు ముక్క నుంచి శాస్త్రజ్ఞులు జన్యువులు తీసి 2023లో ఫలితాలు ప్రకటించారు. నేటి శుద్ధజాతి కుక్కలతో పోలిస్తే బాల్టోలో అంతఃప్రజననం తక్కువట. అయితే బాల్టోకు సంతానం లేదు. అది కూడా సెప్పాలా కుక్కే. కానీ దాన్ని ఆయన వంశానికి పనికిరాదనుకుని కూనగా ఉన్నప్పుడే విత్తు కొట్టించాడు. టోగోకు మాత్రం పిల్లలున్నారు. నేటి సైబీరియన్ హస్కీలలో దాని రక్తం ఇంకా పారుతోంది.