ఉత్తర్వుకు ముందు ఓ నమూనా

బోస్టన్‌లో హార్వర్డ్ ప్రజారోగ్య విద్యాలయం. సమావేశ గదిలో బల్ల మీద పడుకున్న యువతికి ఏ జబ్బూ లేదు. ఆమె అక్కడి సహాయకురాలు. చుట్టూ ఉన్నవాళ్లలో ఒకరు సర్జన్‌గా, ఒకరు నర్సుగా, మరొకరు మత్తు డాక్టరుగా నటిస్తున్నారు. పరీక్ష జరుగుతున్నది రోగికి కాదు, వాళ్ల చేతిలోని కాగితానికి.

2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సురక్షిత శస్త్రచికిత్స కార్యక్రమం చేపట్టి, సర్జన్ అతుల్ గవాండేకు దాని బాధ్యత అప్పగించింది. అప్పటికి ప్రపంచంలో ఏటా 23 కోట్లకు పైగా పెద్ద ఆపరేషన్లు జరుగుతున్నాయని అంచనా. ఇలాంటప్పుడు నిపుణులు లావుపాటి మార్గదర్శకాలు రాయడం, అవి బీరువాల్లోకి చేరడం మామూలే. ఈ బృందం డిజైనర్ల దారి పట్టింది. ముందు చవకలో ఓ ముతక నమూనా చేయాలి, వాడేవాళ్ల చేతికివ్వాలి, ఎక్కడ బెడిసికొడుతుందో చూసి మళ్లీ చేయాలి. దర్జీ కచ్చాకుట్టు వేసి తొడిగించి చూడటం లాంటిదే ఇది.

ఆపరేషన్‌లో సరిచూసుకోవాల్సిన చెక్‌లిస్టు వాళ్ల నమూనా. మొదటిది గవాండే సొంత ఆపరేషన్ థియేటర్‌లోనే బోల్తాపడింది. మరీ పొడవు, పైగా ఏ ప్రశ్న ఎవరు అడగాలో తేలలేదు. అప్పుడాయన బోయింగ్ కంపెనీలో పైలట్లకు చెక్‌లిస్టులు తయారుచేసే డేనియల్ బూర్మన్‌ను కలిశారు. ఎక్కడ ఆగి సరిచూసుకోవాలో ముందే తేల్చుకోవాలి, పేజీ దాటకూడదు, ఒక్కోచోట నిమిషం, నిమిషంన్నర మించితే జనం దాటేస్తారు: అక్కడ నేర్చుకున్నది ఇదీ. దాంతో కోతలు మొదలయ్యాయి. మొదట చెప్పిన బల్ల మీది పరీక్ష అప్పటిదే. థియేటర్‌లో మంటలు ప్రమాదకరమే అయినా అరుదు కనుక ఆ అంశం తీసేశారు. ఇన్‌ఫెక్షన్లు తరచూ వస్తాయి కనుక, కోతకు ముందు గంటలోపు యాంటీబయాటిక్ ఇచ్చారా అన్నది ఉంచారు. చివరికి 19 అంశాలు మిగిలాయి. మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, రోగిని థియేటర్ దాటించే ముందు ఆగి చూసుకోవాలి.

ఢిల్లీ, లండన్, సియాటిల్, టాంజానియాలోని ఇఫాకారా సహా ఎనిమిది చోట్ల దీన్ని పరీక్షించారు. 2009లో వెలువడిన ఫలితాల ప్రకారం మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి, తీవ్రమైన ఇబ్బందులు 11 శాతం నుంచి 7కు తగ్గాయి.

కథ ఇక్కడితో ముగియలేదు. కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రుల్లో చెక్‌లిస్టు రాకముందూ వచ్చాకా లెక్కలు చూసిన 2014 అధ్యయనంలో మరణాల్లో గానీ ఇబ్బందుల్లో గానీ చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. ప్రసవాల కోసం చేసిన చెక్‌లిస్టుదీ ఇదే తీరు. కర్ణాటకలోని ఒక ఆసుపత్రిలో, పాటించాల్సిన 29 పనుల్లో సగటున 10 మాత్రమే జరిగేవి. అది వచ్చాక 25 జరిగాయి. తర్వాత ఉత్తరప్రదేశ్‌లో 120 కేంద్రాల్లో, లక్షన్నరకు పైగా ప్రసవాలపై పెద్ద పరీక్ష పెట్టారు. శిక్షకులు వెంట ఉండి నేర్పినంతకాలం సిబ్బంది పనితీరు బాగా మెరుగుపడింది, వాళ్లు వెళ్లాక కొంత జారింది. తల్లీబిడ్డల మరణాలు మాత్రం తగ్గలేదని 2017లో తేలింది.

నమూనా అబద్ధం చెప్పిందా? లేదు. నర్సులు ఈ కాగితం వాడతారా అన్నది కర్ణాటక ప్రశ్న. వాడితే ప్రాణాలు నిలుస్తాయా అన్నది వేరే ప్రశ్న. దానికి నైపుణ్యం, మందులు, పెద్దాసుపత్రికి చేర్చే ఏర్పాటు కూడా జవాబు చెప్పాలి. విధానం రాసేవాళ్లు ఏ నమూనాతో ఏ ప్రశ్న అడుగుతున్నారో ముందే రాసిపెట్టుకోకపోతే, చిన్న ప్రశ్నకు వచ్చిన జవాబునే పెద్ద ప్రశ్నకూ అంటగడతారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ జాగ్రత్త ఒక మేరకు పాటించింది. ఆపరేషన్ చెక్‌లిస్టు అడుగున, ఇది సమగ్రం కాదనీ, స్థానిక అవసరాలకు తగ్గట్టు మార్చుకోవచ్చనీ ముద్రించింది. అంటే ఏ ఆసుపత్రి మార్చుకున్నా, ఆ కాగితం మళ్లీ నమూనాయే. దాన్ని అక్కడే, అక్కడి మనుషులతో పరీక్షించాలి.