సెలైన్ సీసల ఏముంటది?

పోయినేడు మే నెలల మా నాయిన వడ్ల కల్లంకాడ కూలవడ్డడు. పొద్దుగాల్నుంచి బస్తాలు ఎత్తుతుండె. ముందుగాల పిక్కలు గుంజినయ్, తర్వాత నెత్తి తిరిగింది. "నీళ్లు తాగుతనే ఉన్న కొడుకా, క్యాన్ సగం ఒడిసింది" అన్నడు. ఆరెంపీ కాడికి తోలుకపోతే మంచం మీద పండవెట్టి సెలైన్ ఎక్కిచ్చిండు. గంటసేపట్ల తేరుకున్నడు.

పక్కన కూసొని సీస మీద రాసింది చదివిన. సోడియం క్లోరైడ్, 0.9 శాతం. అంటే ఏంది? మనం కూరల వేసే ఉప్పే. అరలీటరు సీసల 4.5 గ్రాములు, మిగిలిందంత నీళ్లు.

చెమట నాలికకు తగిలితే ఉప్పగుంటది గదా. నీళ్లతోని పాటు సోడియం గూడ పోతదన్నట్టు. నరం కబురు మొయ్యాలన్నా, కండ బిగుసుకోవాలన్నా సోడియం కణం లోపలికి ఉరకాలె. ఎండల చెమటకారి ఒట్టి నీళ్లే తాగుతుంటే నెత్తుట్ల మిగిలిన ఉప్పు ఇంక పల్చనైతది. అప్పుడు నెత్తి నొస్తది, వాంతికొస్తది. మరీ పల్చనైతే మెదడు ఉబ్బి మనిషి సోయి తప్పుతడు. సోయి తప్పినోళ్ల నోట్లె ఏం పొయ్యొద్దు, దవాఖానకు ఉరకాలె.

మా నాయినమ్మ చేనుకు పోయేటప్పుడు అంబలిల సల్ల పోసి, ఉప్పేసి, ఉల్లిగడ్డ పట్టుకపోయేది. సోడియం పేరు ఆమెకు తెల్వది. మనకేమో పేరు తెలుసు, అంబలే లేదు.

మరి ఓఆర్ఎస్‌ల చక్కెరెందుకు? రుచికి కాదు. పేగు గోడల ఒక దర్వాజ ఉంటది. సోడియం, గ్లూకోజు జంటగ వస్తెనే అది తెరుసుకుంటది. అవి లోపలికి పోతే ఎంబడే నీళ్లు పోతయ్. 1971ల బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బెంగాల్‌ల బంగావ్ కాడి శరణార్థుల క్యాంపుల కలరా పుట్టింది. సెలైన్ సీసలు సరిపోలే. దిలీప్ మహలనబిస్ అనే డాక్టర్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్లు డ్రమ్ములల్ల నింపి తాపిచ్చిండు. వేలమంది బతికిండ్రు. ఇంట్లనైతే లీటరు నీళ్లకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా అంచు దాటకుండ. ఉప్పు ఎక్కువేస్తే ఉల్టా నష్టం.

గిది చదివి ఉప్పు బుక్కుమంటలేను. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకు 5 గ్రాముల లోపే. ఒక చిన్న చెంచాడు. నాయిన బస్తాలు మోస్తడు, నేను ఫ్యాన్ కింద ఫోన్ చూస్త. తొక్కు, చిప్స్ మాత్రం ఆయన కంటె నేనే ఎక్కువ తింట. చెమటల పోని ఉప్పు ఒంట్ల నీళ్లను పట్టుకుంటది, నెత్తురు జోరు పెరుగుతది, అదే బీపీ. రీల్స్‌ల మెరిసే గులాబి ఉప్పు గూడ ఎక్కువపాలు సోడియం క్లోరైడే, దాంతోని బీపీ తగ్గదు. బీపీ, కిడ్నీ బాధలున్నోళ్లు డాక్టర్‌ను అడగకుండ ఉప్పు నీళ్లు తాగొద్దు.

ఈ ఏడు నాయిన కల్లానికి నీళ్ల క్యాన్‌తోని పాటు సల్ల సీస గూడ పోతుంది. ఉప్పు నేనే కలుపుతున్న. "చప్పగున్నదిరా" అంటడు రోజూ.